బాబాయిని చంపిన మూడు రోజులు

ఆసుపత్రిలో ఉన్న మొదటి మూడు రోజుల్లో నేను మా బాబాయిని ఐదుసార్లు చంపాను. రెండుసార్లు పారతో, ఒకసారి గొడ్లచావిట్లో పలుపుతాడుతో, ఒకసారి ఊరికే గుండెలమీద కూర్చుని. ఐదోది ఎలాగో గుర్తులేదు, చచ్చాడని మాత్రం గుర్తుంది. ప్రతిసారీ పని ముగించుకుని, నింపాదిగా నడుచుకుంటూ వచ్చి మళ్లీ మంచమెక్కి పడుకున్నాను. చేతులు కడుక్కోవాలి, కాసిని నీళ్లివ్వమని నర్సును అడిగాను. నా చేతులు రెండూ గాజుగుడ్డతో మంచం పట్టెలకు కట్టేసి ఉన్నాయని ఆమె చూపించింది. కట్టేసి ఉంటే పార ఎట్లా పట్టుకున్నానని ఆమెతో వాదనకు దిగాను.

ఇదంతా చెప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గుగా లేదు. భయమూ లేదు. ఒకప్పుడైతే బాబాయి మాటెత్తితేనే పళ్లు పటపట కొరికేవాణ్ని. ఇప్పుడు పక్కింటివాళ్ల సంగతేదో చెబుతున్నట్టుంది.

మా ఊరు గురజాల నుంచి మాచర్ల వెళ్లే రోడ్డుకు లోపలగా ఉంటుంది. మాచర్లలో డిగ్రీ చదివి, రెండేళ్లు ఎరువుల కంపెనీకి తిరిగి, చివరికి పొలానికే వచ్చి పడ్డాను. మూడెకరాలు, ఏటా మిరపే. ఆ ఏడు నల్ల తామర పురుగు పూతనంతా నాకేస్తోంది. దానికి ఒక మందుతో పనికాదు, రెండు మూడు కలిపి కొట్టాలి. ముఖానికి గుడ్డ కట్టుకోవాలనీ, గాలికి ఎదురు కొట్టకూడదనీ, మిట్టమధ్యాహ్నం కొట్టకూడదనీ డబ్బామీద బొమ్మలేసి మరీ చెబుతారు. బొమ్మలు చూడటానికి బాగానే ఉంటాయి. ఆ రోజు మధ్యాహ్నం ఆరో ట్యాంకు వీపున వేసుకుని నడుస్తుంటే నోట్లో నీళ్లూరడం మొదలైంది. ఉమ్మినా ఆగలేదు. సాళ్లు రెండేసిగా కనిపించాయి. తర్వాత చెంపకు మట్టి తగిలింది. మట్టి చల్లగా ఉందే అనుకోవడం గుర్తుంది. అన్నం తెచ్చిన మా ఆవిడ చూసి, పక్క చేలోవాళ్లను కేకేసి ఆటోలో ఎక్కించిందంట. గురజాలలో చూసి, నరసరావుపేట పంపారు.

పురుగుమందు ఒంట్లోకి పోయినవాడికి ఎక్కించే ఇంజెక్షనుకు ఒక గుణముంది. ప్రాణం నిలబెడుతుంది గానీ మనిషిని కొన్నాళ్లు మనుషుల్లో ఉండనివ్వదు. నోరు పిడచగట్టుకుపోతుంది, కళ్లముందు లేనివన్నీ కనిపిస్తాయి. దుప్పటిమీద లేని చీమల్ని ఏరుకుంటూ కూర్చుంటారు కొందరు. నేను చీమల జోలికి పోలేదు. ఏదేదో మాట్లాడతాడు, కంగారు పడొద్దని డాక్టరుగారు మా ఆవిడతో ముందే చెప్పారు. మా అమ్మతో చెప్పలేదు. చెప్పినా ఆమె వినే మనిషి కాదు.

అందరిలోకీ బాబాయే ఎందుకు కనిపించాడంటే, దానికి వెనక్కి వెళ్లాలి.

మా నాన్న నాకు తొమ్మిదేళ్లప్పుడు పోయాడు. సాగర్ కుడికాలువ నుంచి మా పొలాలకొచ్చే పిల్లకాలువ మీద ఒక తూము ఉంది. అక్కడ నీళ్ల వంతు దగ్గర మా నాన్నకూ ఆయన సొంత తమ్ముడికీ ఎప్పుడూ గొడవే. ఒక ఉదయం వంతుకని పోయిన నాన్న, పొద్దెక్కాక అర కిలోమీటరు దిగువన కాలువలో కనిపించాడు. తల వెనక దెబ్బ. కాలుజారి రాతిమీద పడ్డాడనీ, నీళ్ల విసురుకు కొట్టుకుపోయాడనీ బాబాయి చెప్పాడు. ఆ వేళకు అక్కడ ఉన్నది ఆయనొక్కడే. సాక్షి లేడని కేసు మూసేశారు.

సాక్షి ఉన్నాడని మా అమ్మ అంటుంది. ఆ సాక్షిని నేనే. నాన్నకు టీ తీసుకుని గట్టుమీద పోయాననీ, బాబాయి పార తిరగేసి కొట్టడం చూశాననీ, పోలీసులు అడిగితే ఏడుపు లంకించుకుని నోరు విప్పలేదనీ ఆమె చెప్పేది. నాకూ అది కళ్లకు కట్టినట్టే ఉండేది. నోరు విప్పనందుకు ఆమె నన్ను ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేది. "చిన్నపిల్లోడు గదా, బయపడ్డాడు" అని ఇంటికొచ్చినవాళ్లందరికీ నా ఎదురుగానే చెప్పేది. ఆ మాట వింటూ పెరిగాను. పెద్దయ్యాక ఆయన్ని చంపుదామనుకున్నాను. పెద్దయ్యాను, చంపలేదు. ఆయన చేను మా చేను పక్కనే. రోజూ గట్టుమీద ఎదురుపడేవాళ్లం. నేను తల పక్కకు తిప్పుకునేవాణ్ని. ఇరవై నాలుగేళ్లపాటు నా పగంతా మెడ తిప్పుకోవడానికే సరిపోయింది.

మా వైపు ఎవరైనా దెబ్బతిని ఆసుపత్రిలో చేరితే, లోపల వైద్యం జరుగుతుండగానే బయట ఇంకో పని మొదలవుతుంది. కేసులో ఎవరెవరి పేర్లు ఎక్కించాలన్నది. కొట్టినవాడి పేరే రాయాలని రూలేమీ లేదు. ఎవరిమీద కసి ఉంటే వాళ్లు ఏ-వన్. ఆ రోజు ఊళ్లోనే లేనివాళ్లు, మంచంలో ఉన్న ముసలాళ్లు కూడా ఏ-ఫోర్లూ ఏ-ఫైవ్‌లూ అయిన కేసులు నాకు తెలుసు. దాన్ని అబద్ధం అనుకోరు. పాత తప్పుకు ఇన్నాళ్లకు కొత్త కాగితం దొరికిందనుకుంటారు. మా అమ్మకు వరండాలో ఎవరూ సలహా చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె దగ్గర ఉన్నది ఒకటే పేరు.

మూడో రోజు మేజిస్ట్రేటుగారు వచ్చారు. బతుకుతారో లేదో తెలియనివాళ్ల మాట ఆయన స్వయంగా వచ్చి రాసుకుంటారు. అందరినీ బయటికి పంపారు. పేరు, ఊరు, తండ్రి పేరు, ఏ రోజో అన్నీ సరిగ్గా చెప్పానంట. తెలివిలోనే ఉన్నాడని డాక్టరుగారు సంతకం పెట్టారు. ఆయన తప్పేమీ లేదు, ఆ పావుగంట నేను అందరికన్నా తెలివిగా ఉన్నాను. గట్టుమీద తుమ్మచెట్టు కింద పెట్టుకున్న నా నీళ్ల సీసాలో మా బాబాయి మందు పోశాడు, పోస్తుంటే నేను చూశాను, అని చెప్పాను. వేలిముద్ర వెయ్యడానికి చేతి కట్లు విప్పారు. వేశాక మళ్లీ కట్టారు.

బాబాయిని ఆ సాయంత్రమే చేలోంచి తీసుకుపోయారు. ఇంట్లో వెతికితే పురుగుమందు డబ్బాలు దొరికాయి. మా ఊళ్లో ఎవరింట్లో వెతికినా దొరుకుతాయి.

పన్నెండో రోజు నన్ను ఇంటికి పంపారు. అప్పటికి ఆ ఐదు హత్యలూ ఒక్కొక్కటే చెరిగిపోయాయి. మనిషి జైల్లో బతికే ఉన్నాడని తెలిశాక అవి అబద్ధాలని ఒప్పుకోక తప్పలేదు. నిజం చెప్పాలంటే కాస్త చిన్నబుచ్చుకున్నాను. ఆరో బొమ్మ ఒక్కటే మిగిలింది. తుమ్మచెట్టు నీడ, తెల్ల బనీను, వంగిన వీపు, సీసా మూత తిప్పుతున్న వేళ్లు. అది మాత్రం నిజమని అందరూ అన్నారు. దానికి కాగితం ఉంది, ముద్రలున్నాయి.

నాకు అరికాళ్లలో స్పర్శ పోయింది. మందు నరాలమీద పనిచేస్తే అట్లా అవుతుందని, కొంత తిరిగి వస్తుందని, కొంత రాదని చెప్పారు. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు, ఒక కాలికి చెప్పు లేకుండా బస్టాండు దాకా పోయిన రోజులున్నాయి. ఆ కాళ్లతోపాటే నా కోపం కూడా పోయింది. బాబాయి జైల్లో ఉన్నాడని తలుచుకుని సంతోషపడదామని చూశాను. ఇరవై నాలుగేళ్లు అనుకున్నది జరిగింది కదా అని నాకు నేను గుర్తుచేసుకున్నాను. ఏమీ అనిపించలేదు. ఆయన చేలో మిరప చూసేవాళ్లు లేక ముడుచుకుపోయింది. మా పిన్ని ఒక్కతే రెండు బిందెలు పట్టుకుని సాళ్ల మధ్య తిరుగుతుండేది. నేను మా గట్టుమీద కూర్చుని ఆమెను చూసేవాణ్ని. అప్పుడూ ఏమీ అనిపించలేదు.

మా అమ్మ మాత్రం కోలుకుంది. నాన్న మాటొస్తే కొంగు నోట్లో కుక్కుకునే మనిషి, ఏడవడం మానేసింది. రెండుపూటలా కడుపునిండా తింది. ఆ చలికాలంలో కాస్త ఒళ్లు కూడా చేసింది. ఒకరోజు నాకు అన్నం పెడుతూ, "నువ్వు నోరు విప్పావురా నాయనా, నాకదే చాలు" అంది. 

రెండు నెలలకు బాబాయికి బెయిలొచ్చింది. ఊళ్లో ఉండకూడదని షరతు పెట్టారు. ఆయన రొంపిచర్ల దగ్గర ఎవరో చుట్టాలింట్లో ఉండి, వారం వారం సంతకం పెట్టి వచ్చేవాడు. ఈలోపు ల్యాబు కాగితం వచ్చింది. పోలీసులు పట్టుకుపోయిన నా నీళ్ల సీసాలో పురుగుమందు ఉందని తేలింది. ఇంక తిరుగులేదని ప్రభుత్వ లాయరు మా అమ్మతో చెప్పాడు. కనీసం పదేళ్లు పడొచ్చన్నాడు. బాబాయికి అప్పటికే అరవై.

మరుసటేడు మళ్లీ మిరపే వేశాను. మందు కొట్టడానికి కూలీలను పెట్టాం, నేను ట్యాంకు ఎత్తకూడదని మా ఆవిడ ఒట్టు వేయించుకుంది. మందు కలపడం మాత్రం నా పని. మొదటి రోజు గట్టుమీద డ్రమ్ము ముందు కూర్చున్నాను. మందు డబ్బా సీలు తీశాను. ఎడంచేత్తో పక్కనే ఉన్న మంచినీళ్ల సీసా అందుకున్నాను, మూత తిప్పాను, ఆ మూతలో మందు పోశాను, డ్రమ్ములో ఒంపాను. ఇంకో మూత. ఇంకో మూత. డ్రమ్ము నీళ్లలో మూతను ఒకసారి ముంచి తీసి, మళ్లీ సీసాకు బిగించాను.

బిగించి అట్లాగే ఉండిపోయాను.

ఒక ట్యాంకు నీళ్లు పట్టే డ్రమ్ముకు మూడు మూతలు, అదీ నా లెక్క. మందు డబ్బాతో వచ్చే మూతతో పోస్తే వేళ్లమీద కారుతుంది, లోపల సగం అంటుకుపోతుంది. నీళ్ల సీసా మూత సరిగ్గా సరిపోతుంది. ఎన్నేళ్లుగా చేస్తున్నానో. మా ఊళ్లో సగంమంది అంతే. పాత మందులు నీళ్లలా ఉండేవి, ముంచితే పోయేవి. పోయినేడు కలిపినది నూనెలా చిక్కటిది. ముంచితే పోలేదు. అదే మూత బిగించిన సీసా ఎత్తి ఆ ఎండలో నేను గటగటా ఎన్నిసార్లు తాగానో. గాలికి ఎదురు కొట్టింది కొట్టగా, ఇది కూడా తోడైంది.

ఆ రోజు మూతతో కొలిచిన గుర్తు నాకు ఇసుమంత కూడా లేదు. రోజూ చేసే పనిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు. బాబాయి వంగడం మాత్రం, ఆయన బనీను మీద చెమట మరకతో సహా గుర్తుంది.

ఇంటికొచ్చి మా ఆవిడను అడిగాను. "పోయినేడు కూడా నేను నీళ్లసీసా మూతతోనే కొలిచానా?"

"నువ్వెప్పుడూ అంతేగా. ఎన్నిసార్లు మొత్తుకున్నా, వింటేగా."

"మరి అప్పుడెందుకు చెప్పలా?"

"నన్నెవరడిగారు? చూశానన్నది నువ్వు. చూసినోడివి నువ్వుండగా నేనేం చెప్పాల?" అంది. తర్వాత చేతిలో పని ఆపి, "మీ అమ్మ మూడు రోజులు నీ చెవి కాడే కూర్చుందయ్యా. ‘మీ బాబాయేనా, సీసాలో పోశాడా, చూశావా, చెప్పు నాయనా’ అని. నువ్వు ఊ అనేదాకా అడగతానే ఉంది. మూడోరోజుకి నువ్వే చెప్పడం మొదలుపెట్టావు. బనీను, చెట్టు, అయ్యన్నీ నువ్వే కలిపావు" అంది.

నాకు అమ్మమీద కోపం రావాలి. వచ్చిందా అని చూసుకున్నాను, రాలేదు. ఆ మూడు రోజులూ ఆమె కూడా ఏమీ తినలేదని, నేను చచ్చిపోతానని నిజంగానే అనుకుందని మా ఆవిడే చెప్పింది.

మర్నాడు గురజాల పోయి ప్రభుత్వ లాయరు గుమస్తా చేత ల్యాబు కాగితం చదివించుకున్నాను. సీసాలో మిగిలిన నీళ్లలో మందు పలచగా ఉంది. మూత లోపలి మరల్లో చిక్కగా ఉంది. ఎవరైనా సీసాలో పోస్తే ఇది తిరగబడి ఉండాలి. ఆ ముక్క రాసినవాళ్లు రాశారు, చదివినవాళ్లు చదివారు. ఎవరికీ పట్టలేదు. మూతతో కొలిచే అలవాటు వాళ్లకు లేదు కదా.

ఇంకొకటి కూడా ఎవరికీ పట్టలేదు. బాబాయి మందు పోస్తుంటే చూసినవాణ్ని, ఆ నీళ్లు నేనెందుకు తాగినట్టు. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకుని ఆ బొమ్మను మళ్లీ తెచ్చుకున్నాను. చెట్టు, బనీను, వేళ్లు. వెనకాల మిరపసాళ్లు. ఆ సాళ్లలో ఒకడు వీపున ట్యాంకుతో, తల వంచుకుని, అటు తిరిగి నడుస్తున్నాడు. వాడు నేనే. నన్ను నేను వెనకనుంచి చూస్తున్నాను. ఏడాదిగా ఆ మనిషి ఆ బొమ్మలోనే ఉన్నాడు, నేనే పట్టించుకోలేదు.

ఆ తర్వాత, ఎందుకోగానీ, తూము దగ్గరి బొమ్మ కూడా తెచ్చుకున్నాను. ఎత్తిన పార, తల తిప్పిన నాన్న. గట్టుమీద టీ గ్లాసుతో ఒక కుర్రాడు, స్కూలు నిక్కరులో. వాడి ముఖం కూడా నాకు స్పష్టంగా కనిపిస్తోంది. బస్సు మా ఊరి అడ్డరోడ్డు దాటిపోయాక గాని నేను దిగాలని గుర్తురాలేదు.

అమ్మకు మూత సంగతి చెప్పాను. ఆమె వింది. అడ్డురాకుండా చివరిదాకా వింది.

"మూతా గీతా నాకు తెల్వదు. వాడు పోశాడు. నువ్వు చూశావు."

"నేను చూళ్ళేదమ్మా. ఇంజెక్షను మత్తులో ఉన్నా."

"చూశావు. చిన్నప్పుడూ చూశావు, ఇప్పుడూ చూశావు. అప్పుడు నోరు రాలా, ఇప్పుడొచ్చింది. మళ్లా మూస్తానంటావేంది?"

"అమ్మా, చెయ్యని పనికి ఆయన పదేళ్లు లోపలుంటాడు."

"ఉండనీ. చేసిందానికి ఒక్కరోజన్నా ఉన్నాడా?"

ఆమె గొంతు కూడా పెంచలేదు. "ఇదొక్కటేరా నేను నిన్ను అడిగింది" అంది. నిజమే, ఇల్లు కట్టమనలేదు, తీర్థాలకు తీసుకుపొమ్మనలేదు. అడిగింది ఇదొక్కటే.

వాయిదా మాఘమాసంలో పడింది. నేనొక్కణ్నే బండిమీద గురజాల పోయాను. బోను ఎక్కేటప్పుడు మెట్టు తగిలిందో లేదో తెలియక కింద చూసుకుంటూ ఎక్కాను. బాబాయి అవతల నిలబడి ఉన్నాడు. సగమైపోయాడు, చొక్కా భుజాలమీద వేలాడుతోంది. లాయరు అడిగాడు, మీ నీళ్ల సీసాలో మందు పోసింది ఎవరు అని. ఎవరూ పొయ్యలేదండి, నేనే ఆ సీసా మూతతో మందు కొలిచాను, అన్నాను. ఆయన కాగితాలు తిరగేసి ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి అదే చెప్పాను. మేజిస్ట్రేటు ముందు చెప్పిందేంటని అడిగాడు. అది నాకు కనిపించిందండి, జరగలేదు, అన్నాను. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు.

ఎవరైనా బెదిరించారా అని జడ్జిగారు అడిగారు. లేదండి అన్నాను. సాక్షి ఎదురు తిరిగాడని రాసుకున్నారు. కేసు ఇంక నిలబడదని లాయరు నా ముఖం చూడకుండానే చెప్పేసి వెళ్లిపోయాడు. మా ఊరివాళ్లు నలుగురు మెట్ల దగ్గర ఉన్నారు. రాజీ పడ్డాడు అనుకుంటున్నారు. వినపడాలనే అన్నారు. మంచిపని చేశానన్న తృప్తి ఉంటుందేమో అనుకున్నాను. అదీ లేదు. ఆకలి మాత్రం వేసింది.

కోర్టు ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గరికి పోయాను. బాబాయి అప్పటికే అక్కడ బల్లమీద కూర్చున్నాడు. ఇంకో టీ చెప్పి, గ్లాసు నా వైపు జరిపాడు. పాతికేళ్లలో మేము మాట్లాడుకోవడం అదే మొదలు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ రోజు నేను మీ గట్టుకేసే రాలా."

"తెలుసు బాబాయ్."

"లోపలున్న రెండు నెలలూ నీమీద కోపం రాలేదురా నాకు. దీనికి కాదులే, దానికి అనుకున్నా."

"దేనికి?"

ఆయన టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. "తూముకాడ దానికి. మీ నాయన్ని నేనే నెట్టా. తూము ముయ్యొద్దన్నాడు, నా వంతు మొదలైందన్నా. ఛాతీమీద చెయ్యేసి నెట్టా. వెనక్కి పడ్డాడు, రాయి తగిలింది. లేస్తాడనే చూశా. లేవలా. జారి నీళ్లల్లోకి పోయాడు. పట్టుకుందామని ఒంగా. ఒంగి మళ్లా ఆగా."

నాకు పాత జబ్బేమైనా తిరగబెట్టిందా అనుకున్నాను. "ఇంకోసారి చెప్పు బాబాయ్" అన్నాను. ఇంకోసారి చెప్పాడు, అదే గొంతుతో, అవే మాటలు. పక్కన ఎవరో బజ్జీలకు తొందరపెడుతున్నారు.

"పారతో కొట్టావు గదా?"

"పారెక్కడిదిరా. చేత్తోనే."

"నేనక్కడున్నానా? టీ పట్టుకుని?"

"ఎవురూ లేరు. నువ్వొచ్చేతలికి మీ నాయన్ని ఒడ్డుమీద పడుకోబెట్టారు. అప్పుడొచ్చావు నువ్వు, మీ అమ్మ చెయ్యి పట్టుకుని." గ్లాసు కింద పెట్టి కండువాతో మూతి తుడుచుకున్నాడు. "మీ అమ్మకు చెప్తావో మానతావో నీ ఇష్టం. నేనింక దేనికీ కాదనను."

ఆయన లేచి బస్టాండు వైపు పోయాడు. నేను ఆయన వీపునే చూస్తూ కూర్చున్నాను. ఆసుపత్రి మంచంమీద ఐదుసార్లు చంపినవాణ్ని, ఆ పది అడుగులు కూడా వెనకాల పోలేకపోయాను. నేను చూడనిది ఆయన చేశాడు. నేను చూసినవేవీ ఆయన చెయ్యలేదు. ఇంతకన్నా తిన్నగా నాకు చెప్పడం రాదు. బండిమీద వస్తూ అమ్మకు చెప్పెయ్యాలనే నిర్ణయించుకున్నాను. ఆమె ఇన్నేళ్లూ మోసింది అబద్ధం కాదని, కనీసం ఆ ఒక్క మాటా ఆమెకు చెందాలని. తర్వాత ఏమవుతుందో ఆలోచించే ఓపిక లేదు.

ఇంటికొచ్చేసరికి ఆమె వసారాలో మిరపకాయల మూట ముందేసుకుని తొడిమలు తీస్తోంది. నేను ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఆమెకు ముందే ఎవరో ఫోను చేసి చెప్పేసినట్టున్నారు, ఏం జరిగిందని అడగలేదు. తిడుతుందనుకున్నాను. చేతులు ఆగకుండా ఒక్కో కాయా తీసి ఒలుస్తోంది. ఘాటుకు కళ్లు తుడుచుకోవడానికి మోచేయి ఎత్తింది, అంతే.

"అమ్మా" అన్నాను.

"నేనే ఆలోచిత్తన్నాను లేరా" అంది. "మొన్నటిది నీకు ఊరికే కనపడిందన్నావు. నేనే చెవిలో పోశానంట గదా, కోడలు చెప్పింది. అది నిజమే. ఆసుపత్రిలో అట్టానే అడిగా." ఇంకో కాయ తీసింది. "ఆనాడు కూడా అట్టానే అడిగాను నిన్ను. పది దినాలు అడిగా. చూశావా, పారతో కొట్టాడా అని. నువ్వు తలూపేదాకా అడిగా."

నేనూ ఒక కాయ తీసుకుని తొడిమ తుంచాను.

"అయితే మీ నాయన కాలుజారే పోయాడేమోరా. వాడి ఉసురు ఊరికే పోసుకున్నానేమో ఇన్నేళ్లు."

ఆమె నా ముఖంలోకి చూసింది. అంత నెమ్మదిగా ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు. నేను ఔనంటే చాలు, ఇన్నేళ్ల బరువూ దింపుకునేట్టుంది. చెప్పాల్సింది నా నోట్లోనే ఉంది, బాబాయి గొంతుతో సహా.

"అయ్యుండొచ్చమ్మా" అన్నాను.

ఆసుపత్రిలో అబద్ధమని తెలియక చెప్పాను. ఇది తెలిసే చెప్పాను, ఏ మందూ లేకుండా, పట్టపగలు, ఆమె కళ్లలోకి చూస్తూ. ఆమె తలాడించి, ఒలిచిన కాయలు చేటలోకి ఎత్తి, ఆ మూటను కాస్త ఎండలోకి జరపమంది. లేచి జరిపాను.